ఏజెన్సీ మీద కన్నేసి ఉంచడానికి ఎవరు మేలు: సూపర్‌వైజరా, కెమెరానా, కాంటా కుర్రాడా?

మిర్యాలగూడ చుట్టుపక్కల రైస్ మిల్లుల వాళ్ళు ఈ మధ్య ఫోన్ చేస్తే ధాన్యం రేటు కన్నా ముందు అడుగుతున్న మాట ఇది: "అన్నా, మీరు సెక్యూరిటీ, స్వీపింగ్ అంతా ఏజెన్సీకి ఇచ్చేశారు కదా, మరి వాళ్ళ మీద ఎవరిని పెట్టారు?" పోయిన ఏడాది దాకా నా దగ్గర సరైన జవాబు లేదు, ఎందుకంటే మూడు రకాలూ చేసి మూడింట్లోనూ దెబ్బ తిన్నాను.

ఏజెన్సీకి ఇవ్వాలా వద్దా అన్న ముచ్చట ఇక్కడ వద్దు, ఇచ్చేసిన వాళ్ళకే ఇది.

మొదటిది, ఏజెన్సీ వాళ్ళ ఫీల్డ్ ఆఫీసర్‌నే నమ్ముకోవడం. పైసా ఖర్చు లేదు. వారానికోసారి బండి మీద వస్తాడు, రిజిస్టర్‌లో సంతకం పెడతాడు, టీ తాగి పోతాడు. గార్డు రాలేదని ఆయన రాస్తే తగ్గేది ఆయన ఓనర్ బిల్లే, ఇక ఎందుకు రాస్తాడు? దీని గురించి ఇంతకన్నా చెప్పేది లేదు.

రెండోది మన సొంత సూపర్‌వైజర్. ఎక్కువ మంది చేసేది ఇదే, నేనూ ఏడాదిన్నర చేశాను. మొదటి రెండు నెలలు బాగానే నడిచింది. తర్వాత అతను గార్డులతోనే కూర్చుని అన్నం తినడం మొదలుపెట్టాడు, వాళ్ళింట్లో పెళ్ళికి పోయి వచ్చాడు, ఆ తర్వాత ఎవరైనా రాకపోయినా వచ్చినట్టే హాజరు పడింది. మనిషి చెడ్డవాడేం కాదు. పొద్దంతా వాళ్ళ మధ్యే ఉండేవాడు వాళ్ళ మనిషి కాక మన మనిషి ఎట్లా అవుతాడు? పైగా అతని డ్యూటీ పగలు, మనకు టెన్షన్ రాత్రి. ఊక గోదాం దగ్గర, గేటు దగ్గర ఏం జరిగినా పదకొండు దాటాకే జరుగుతుంది.

మూడోది కెమెరాలు, వేలిముద్ర మిషను. గొడవ జరిగాక ఎవరు అబద్ధం చెప్తున్నారో తేల్చుకోవడానికి కెమెరా మంచిదే, కాదనను. కానీ పదహారు కెమెరాలు పెట్టుకుని రాత్రంతా చూసేదెవరు? ఇక తవుడు దుమ్ములో పనిచేసే చేతుల్ని వేలిముద్ర మిషను సగం సార్లు గుర్తుపట్టదు, అప్పుడు మళ్ళీ పుస్తకంలో చేత్తోనే రాస్తారు, అంటే తిరిగి మొదటికే వచ్చినట్టు.

నాకు దారి దొరికింది అనుకోకుండా. నవంబర్‌లో, సాగర్ ఎడమ కాల్వ కింద కోతలు ముమ్మరంగా ఉన్నప్పుడు, రాత్రి రెండింటికి కూడా లారీలు వస్తాయి. మా కాంటా దగ్గర కుర్రాడు తూకం చీటీ వెనక "2.10, గేటు కాడ ఎవరు లేరు, నేనే తీసిన" అని రాసి పెట్టాడు, తర్వాత నేను చీటీ ఆలస్యం ఎందుకైందని తిడతానని భయపడి. నెలాఖరులో ఏజెన్సీ బిల్లు వచ్చింది, రోజూ రాత్రి ముగ్గురు గార్డులని ఉంది. ఎందుకో అనుమానం వచ్చి చీటీలన్నీ తిరగేస్తే, పదకొండు రాత్రులు ఇద్దరే ఉన్నట్టు తేలింది.

అప్పటి నుంచి హాజరు మీద సంతకం పెట్టే మనిషిని మార్చేశాను. పని జరగకపోతే ఎవరికి ఇబ్బందో వాళ్ళ సంతకమే హాజరు. రాత్రి గార్డులకు కాంటా కుర్రాడు, ఎందుకంటే గేటు తీసేవాడు లేకపోతే చలిలో దిగాల్సింది అతనే. ఊక యార్డ్ ఊడ్చేదానికి బాయిలర్ ఆపరేటర్, ఆఫీసు ఊడ్చేదానికి లెక్కలు చూసే అమ్మాయి. సంతకం పెట్టేవాళ్ళకు నెలకు కొంత ఎక్కువ ఇస్తున్నాం, అది సూపర్‌వైజర్ జీతంలో పావు వంతు కూడా కాదు. వాళ్ళూ దోస్తులైపోరా అంటారు. అవుతారు. కాకపోతే దోస్తీ కోసం ఒకటి రెండు రాత్రులు గేటు తీస్తాడేమో గానీ పదకొండు రాత్రులు తీయడు.

అయితే గేటు దగ్గర ఎవరున్నా కనపడని సంగతి ఒకటుంది, పీఎఫ్ (భవిష్యనిధి), ఈఎస్ఐ (వైద్య బీమా). ఇది మాత్రం అకౌంట్స్ వాళ్ళే చూడాలి, నా లెక్కలో అసలు ముఖ్యమైనది ఇదే. గార్డు జీతం 14,000 అనుకుందాం, అంతటి మీదా కట్టాలనుకుందాం. యజమాని వాటా పీఎఫ్ 12 శాతం, దాని మీద ఇన్సూరెన్స్, అడ్మిన్ చార్జీలు కలిపి ఇంకో 1 శాతం, ఈఎస్ఐ 3.25 శాతం, మొత్తం 2,275. ఎనిమిది మందికి నెలకు 18,200. ఇది మన బిల్లులో వేసి వసూలు చేసుకుని కట్టకపోతే ఆ డబ్బు ఏజెన్సీ జేబులోకి పోయినట్టే. గార్డు జీతంలో కోసిన వాటా దీనికి అదనం. రేపు ఇన్‌స్పెక్షన్ వస్తే నోటీసు మనకే, ఈఎస్ఐ నిబంధన ప్రకారం మొదట కట్టాల్సింది అసలు యజమానే, అంటే మిల్లు ఓనరే, తర్వాత మనం ఏజెన్సీ దగ్గర వసూలు చేసుకోవాలి.

చలాన్ చూశాం కదా అంటారు. చలాన్‌లో మొత్తం అంకే ఉంటుంది, పేర్లుండవు. ఏజెన్సీకి పది సైట్లుంటే ఒక్క చలాన్ పది చోట్లా చూపిస్తాడు. అడగాల్సింది పేర్లు, యూఏఎన్ నంబర్లు (ఒక్కో ఉద్యోగికి ఉండే పీఎఫ్ గుర్తింపు నంబర్లు) ఉన్న ఈసీఆర్, అంటే ఏజెన్సీ నెలనెలా పీఎఫ్ ఆఫీసుకి ఇచ్చే పట్టీ. కట్టడానికి గడువు తర్వాతి నెల 15 కాబట్టి, పోయిన నెల ఈసీఆర్ మన హాజరు పట్టీతో సరిపోతేనే ఈ నెల బిల్లు పాస్ చేస్తాం. అది కూడా చాలదనిపిస్తే గార్డునే యూఏఎన్‌లో నమోదైన తన ఫోన్ నుంచి పీఎఫ్ ఆఫీసు నంబర్‌కి మిస్డ్ కాల్ ఇమ్మనండి, చివరగా ఎంత జమైందో మెసేజ్ వస్తుంది. పాత ఏజెన్సీలో ముగ్గురికి ఏ నెలా జమ కాలేదని మాకు అట్లనే తెలిసింది.

జీఎస్టీ గురించి ఒక్క మాట: సెక్యూరిటీ ఏజెన్సీ కంపెనీ కాకుండా ప్రొప్రైటర్‌ది అయితే, మీకు మామూలు జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉంటే, 2019 జనవరి నుంచి ఆ పన్ను రివర్స్ చార్జ్‌లో మీరే కట్టాలి. వాళ్ళు బిల్లులో 18 శాతం కలిపితే అడగండి.

హమాలీల దగ్గర ఈ తలనొప్పే లేదు, బస్తా లెక్క, రెండు వైపులా లెక్కపెట్టుకుంటారు. సార్టెక్స్ మిషను (రంగు మారిన బియ్యం ఏరేసేది) సర్వీసు వాళ్ళకైతే ఏడాది డబ్బులు ముందే ఇవ్వకండి, మూడు నెలలకోసారి ఇవ్వండి, అంతే.

ఇప్పుడున్న ఏజెన్సీ ఆయన అగ్రిమెంట్‌లో కాంటా కుర్రాడి సంతకం అని చదివి నవ్వాడు. మొదటి నెల బిల్లులో నాలుగు రాత్రులు కోసేసరికి ఆ కుర్రాడి ఫోన్ నంబర్ అడిగి తీసుకున్నాడట. అది మంచికో చెడుకో ఇంకా తెలియదు గానీ, ఈ నెల నుంచి కాంటా రాత్రి డ్యూటీ ఇద్దరికి మార్చి మార్చి వేస్తున్నాం.