పీఎఫ్ఏఎస్ లేని వాన జాకెట్: చాలాకాలం వాడాక

సైజులు, జేబులు, బరువు కంపెనీ పేజీలోనే ఉంటాయి, వాటి జోలికి పోను. నేను చెప్పదలిచింది ఈ రన్నింగ్ జాకెట్ పైపూత గురించి.

దీన్ని కొన్నదే ఆ పూతలో పీఎఫ్ఏఎస్ (నీళ్లు అంటకుండా పూసే ఫ్లోరిన్ రసాయనాల కుటుంబం) లేదని. ఏళ్ల తరబడి వాన జాకెట్లకు ఫ్లోరిన్ రసాయనాలే పూశారు. అవి మట్టిలో, నీళ్లలో ఓ పట్టాన విచ్ఛిన్నం కావు, మన ఒంట్లోకీ చేరతాయి. వాటిలో ఒకటైన పీఎఫ్ఓఏను 2019లో స్టాక్‌హోమ్ ఒప్పందం (ఓ పట్టాన విచ్ఛిన్నం కాని హానికర రసాయనాలపై దేశాల మధ్య ఒప్పందం) కింద నిర్మూలించాల్సిన రసాయనాల జాబితాలో చేర్చారు. కాలిఫోర్నియా 2025 నుంచి చాలా రకాల కొత్త బట్టల్లో పీఎఫ్ఏఎస్‌ను నిషేధించింది.

మొదట్లో వాన పడితే తామరాకు మీద నీళ్లలా బొట్లు జారిపోయేవి. కనిపించిన వాళ్లందరికీ కొనుక్కోమని చెప్పాను. ఇప్పుడైతే అంత గట్టిగా చెప్పను.

ఒకరోజు బ్యాగు తగిలించుకుని ముసురులో చాలాసేపు పరుగెత్తాను. భుజాల మీద, కాలరు చుట్టూ గుడ్డ నల్లబడి ఒంటికి అతుక్కుపోయింది. లోపలి టీషర్టు తడిసి ముద్దయింది. జాకెట్ కారుతోందేమోనని, ఇంటికొచ్చి భుజం భాగాన్ని దొప్పలా పట్టుకుని గ్లాసుడు నీళ్లు పోశాను, కింద పాత పేపరు పరిచి. ఎంతసేపు చూసినా పేపరు మీద చుక్క పడలేదు. అంటే నీళ్లను ఆపే లోపలి పొర బాగానే ఉంది. పైగుడ్డ నీళ్లు పీల్చేసుకుంటే చెమట ఆవిరి బయటికి పోలేక లోపలే నీరైపోతుంది, నన్ను తడిపింది అదే.

ఫ్లోరిన్ పూత నీళ్లతోపాటు నూనెనూ అంటనివ్వదు. కొత్త పూతలకు ఆ గుణం లేదు. అందుకే ఒంటి జిడ్డు, సన్‌స్క్రీన్ అంటే చోట అవి ముందు పనిచేయడం మానేస్తాయి, బ్యాగు పట్టీ రాసుకునే చోటా అంతే. సాఫ్ట్‌నర్ వేయకుండా ఉతికి, సబ్బు పూర్తిగా పోయేదాకా జాడించి, ఆరాక పల్చటి గుడ్డ కప్పి తక్కువ వేడి మీద ఇస్త్రీ చేశాను (ట్యాగు మీద ఇస్త్రీ గుర్తులో ఒక చుక్క ఉంది). నీళ్లు చిలకరిస్తే బొట్లు మళ్లీ గుండ్రంగా నిలబడ్డాయి! ఎంత సంతోషమేసిందో.

నా కోపమల్లా ఇక్కడే. పర్యావరణం పేరు పెట్టె నిండా పెద్దక్షరాల్లో వేసుకున్న కంపెనీ, వేడి తగిలితే పూతకు మళ్లీ ప్రాణమొస్తుందని ఒక్క ముక్క రాయలేదు. తెలియనివాళ్లు కారుతోందనుకుని పారేస్తారు. గుడ్డ, పల్చటి పొర, అస్తరు కలిపి అతికించిన ఇలాంటి బట్టను విడదీసి మళ్లీ నూలు చేయడం చాలా కష్టం. సీసాల ప్లాస్టిక్‌తో నేశామని చెప్పుకున్నా అది ఎన్నాళ్లు ఒంటి మీద ఉంటుందన్నదే నాకు ముఖ్యం.

పట్టీల కిందిభాగం మాత్రం ఇస్త్రీకి కూడా పూర్తిగా కోలుకోలేదు. నేను గంటా గంటన్నర పరుగెత్తి ఇల్లు చేరే మనిషిని, ఉతుకూ ఇస్త్రీ నాకు బరువు కాదు, కాబట్టి మళ్లీ ఇదే కొంటాను. బరువైన బ్యాగుతో రోజుల తరబడి కొండల్లో తిరిగేవాళ్లకు కొనమని చెప్పే ధైర్యం లేదు.