పండుగ భోజనంలో కృతజ్ఞతా ప్రార్థన: ముందా, తర్వాతా?

క్రిస్మస్‌కో ఈస్టర్‌కో కుటుంబమంతా కలిసి భోజనానికి కూర్చున్నప్పుడు, చాలా ఇళ్లలో వడ్డించగానే ప్రార్థన చేస్తారు. యేసు చేసిందీ అదే. ఐదు రొట్టెలు, రెండు చేపలు పంచకముందే ఆశీర్వదించాడు. మరణం నుంచి లేచాక, ఎమ్మాయు అనే గ్రామంలో ఆయన రొట్టె విరిచినప్పుడే శిష్యులు ఆయనను గుర్తుపట్టారని లూకా సువార్త 24వ అధ్యాయం చెబుతుంది. ఈ అన్నం ఎవరి చేతి నుంచి వచ్చిందో ముందు ప్రార్థన గుర్తు చేస్తుంది. కానీ పిల్లలు ఆకలితో ఉంటారు, మాటలు తొందరగా ముగుస్తాయి.

తిని తృప్తి పొందాక దేవుణ్ణి స్తుతించమంటుంది ద్వితీయోపదేశకాండము 8:10. యూదుల భోజనానంతర ప్రార్థనకు ఆధారం ఈ వచనమే. నా మనసు ఇటే మొగ్గుతుంది. కడుపు నిండాక ఎవరికీ తొందర ఉండదు. ఆ ఏడాది దేవుడు చేసిన ఒక మేలును ఒక్కొక్కరూ చెప్పవచ్చు. ఎప్పుడూ పెదవి విప్పని పెద్దవారు కూడా, ఈసారి మన మధ్య లేనివారిని తలచుకుని మాట్లాడతారు. సమృద్ధిలోనే మనిషి దేవుణ్ణి మరచిపోతాడని ఆ తర్వాతి వచనాలే హెచ్చరిస్తాయి.

ముందు ప్రార్థన మానమని కాదు, క్లుప్తంగా ఉన్నా చాలు. రెండోదానికి మాత్రం పళ్లేలు తీయకముందే సమయం ఉంచండి. ఒకసారి లేచాక అందరినీ మళ్లీ కూర్చోబెట్టడం కష్టం.