చీమకుర్తి పొడా, మార్కాపురం పలకా, అబ్రకమా: బొమ్మ మీద ఏది నిలుస్తుంది?

నెల్లూరు, ఒంగోలు వైపు కొత్తగా అబ్‌స్ట్రాక్ట్ వేస్తున్న కుర్రాళ్లు పదే పదే అడిగే ప్రశ్న ఒకటుంది. "అన్నా, టెక్స్‌చర్‌కి, అంటే బొమ్మ మీద గరుకు రావడానికి, షాపు పేస్టు మానేసి మన దగ్గర దొరికే రాతిపొడి వాడదామనుకుంటున్నాం, ఏది మేలు?" రంగులో ఇసుక కలపడం 1912లోనే ఫ్రెంచి చిత్రకారుడు బ్రాక్ చేశాడు. స్పెయిన్ చిత్రకారుడు తాపియెస్ పాలరాతి పొడి కలిపి పాతగోడల్లాంటి బొమ్మలు చేశాడు. కాబట్టి కలపొచ్చా అన్న అనుమానం అక్కర్లేదు, ఏది కలపాలన్నదే తేల్చుకోవాలి.

ముందు చీమకుర్తి. అక్కడి గ్రానైటు బ్లాక్ గెలాక్సీ పేరు వినగానే నల్లరాతిలో బంగారు చుక్కలు కళ్లముందు మెదులుతాయి, పొడిలోనూ అవే మెరుస్తాయని ఆశపడతారు. మెరవవు. ఆ చుక్కలు బ్రాంజైట్ అనే ఖనిజం. పాలిష్ పట్టిన ముఖం మీద వెలుగు పడితేనే వాటి అందం. పొడి చేస్తే ఆ నలుపూ ఉండదు, ఆ బంగారమూ ఉండదు, బూడిదరంగు పిండి చేతికొస్తుంది. పైగా కోత యూనిట్ల దగ్గర పడి ఉండే స్లర్రీ (కోతలో వచ్చే రాతిబురద) గ్యాంగ్‌సా అనే వరస రంపాల యంత్రం మీద కోసిన రాయిదైతే అందులో ఉక్కు రవ్వ కలిసి ఉంటుంది. నీళ్లతో కలిపే అక్రిలిక్‌లో అది తుప్పు పట్టి, తెల్లగా వదిలిన చోట గోధుమరంగు మరకలు తేలతాయి. ఎండబెట్టిన పొడి మీద అయస్కాంతం తిప్పి చూడండి, గుబురుగా అంటుకుంటే ఆ పొడి వద్దు. డైమండ్ వైరు మీద కోసినదైతే ఈ గొడవ ఉండదు. తుప్పే కావాలనుకునేవాళ్లకి మాత్రం అది అదృష్టమే.

అబ్రకం (మైకా) మనసు లాగుతుంది, కాదనను. సైదాపురం, గూడూరు గనుల అబ్రకంలో కనిపించే లేత ఆకుపచ్చ ఛాయ ఏ ట్యూబులోనూ దొరకదు. అయితే పెద్ద రేకుల్ని అతికిస్తే చిక్కే. జిగురు అడుగుపొరని గట్టిగానే పట్టుకుంటుంది, కానీ రేకు తనలో తానే పొరలుగా విడిపోతుంది. వేలితో మెల్లగా గీకితే పైపొర ఊడి గోటికి అంటుకుంటుంది, కింద ఇంకో పొర మెరుస్తూ ఉంటుంది. మెత్తటి పొడిగా అయితే మంచిదే. చదును రేణువులు రంగుపొరలో అడ్డంగా సర్దుకుని పగుళ్లని ఆపుతాయి, పెయింటు కంపెనీలు దాన్ని కలిపేదీ ఇందుకే. కాస్త ఎక్కువైతే మాత్రం బొమ్మ పెళ్లికార్డు అయిపోతుంది.

నా దృష్టిలో అసలు లెక్క మెరుపుది కాదు, పట్టుది. ప్రతి రేణువు చుట్టూ మీడియం, అంటే పొడిని పట్టి ఉంచే జిగురు, అందాలి. చాలకపోతే వేలికి పొడి రాలుతుంది, ఎక్కువైతే ప్లాస్టిక్ నిగారింపు వస్తుంది. మార్కాపురం పలకరాయి ఇక్కడే నెగ్గింది. వస్త్రగాళితం పడితే, అంటే పల్చటి గుడ్డలో జల్లిస్తే, ఎంతో మెత్తటి పొడి వస్తుంది. ఆరాక మెరుపు లేకుండా ఉంటుంది కనుక మీడియం ఎక్కువైన చోటు ఇట్టే కనిపిస్తుంది. అన్నిటికంటే నాకు నచ్చింది, ఆ గరుకు మీద బలపంతో గీయొచ్చు, బొగ్గుతో రుద్దొచ్చు, మళ్లీ పల్చటి రంగు పారించొచ్చు. గ్రానైటు పొడి పొర మీద బలపం జారిపోతుంది, లేదా గింజలకి తగిలి విరుగుతుంది.

ఏ పొడి వాడినా ఒక్కసారే మందంగా పూయకండి, ఎండిన చెరువు అడుగులా పగులుతుంది. ఇటలీ చిత్రకారుడు బుర్రి 1970లలో ఆ పగుళ్లనే కావాలని పుట్టించాడు, కానీ గట్టి బోర్డు మీద. సాగే కాన్వాస్ మీద అదే పని చేస్తే రవాణాలోనే సగం రాలుతుంది. నన్నడిగితే రాతిపొడికి కాన్వాస్ వద్దు, వెనక చెక్క బద్దలు బిగించిన ప్లైవుడ్ తీసుకోండి. వడ్రంగులు వాడే తెల్లజిగురు చవకే గానీ, నవంబరు వానల్లో చెమ్మకి మెత్తబడుతుంది. అక్రిలిక్ మీడియం నయం. అది కూడా మే ఎండలకి మెత్తబడుతుంది కాబట్టి బొమ్మ ముఖానికి నేరుగా బబుల్‌రాప్ చుట్టకండి, బుడగల అచ్చు పడి అలాగే ఉండిపోతుంది.

మిగతావి రెండు ముక్కల్లో. మైపాడు సముద్రపు ఇసుకని మంచినీళ్లతో ఉప్పు పోయేదాకా కడగాలి, లేదంటే చెమ్మ లాగుతూనే ఉంటుంది. వంటింటి పసుపు కలిపితే, వెలుగు తగిలి వెలిసిపోతుంది. ఉదయగిరి చెక్క పొట్టు బాగుంటుంది, పురుగులకీ బాగుంటుంది.

మొత్తానికి ఒక్కటే కొనగలిగితే పలక. పైన ఆఖరి పొరలో చిటికెడు అబ్రకం. గ్రానైటు, బరకతనమే బొమ్మకి ప్రాణం అనుకునేవాళ్లకి. పలకని మాత్రం పొడిగా కొనకుండా, ఫ్యాక్టరీల దగ్గర పారేసే ముక్కలు అడిగి తెచ్చుకోండి. ఈ రాతిదుమ్ములో ఉండే సిలికా ఊపిరితిత్తుల్ని తినేస్తుంది. అందుకే వంటకి వాడని రోట్లో నీళ్లు చిలకరిస్తూ నూరండి, ఎండాక జల్లించేటప్పుడు ఎన్95 మాస్కు తీయకండి.