ఎడిన్‌బరా ‘ది డోమ్’: మెనూ తర్వాత, ముందు తలెత్తి చూడండి

కోఠి బ్యాంక్ స్ట్రీట్‌లో ఉద్యోగం చేసి రిటైరైనవాణ్ణి. కాబట్టి ఈ హోటల్ రివ్యూ మధ్యలో బ్యాంకు ఇన్‌స్పెక్షన్ రిపోర్టులా మారిపోతే సర్దుకోండి. మా అబ్బాయి దగ్గరికి ఎడిన్‌బరా వెళ్ళినప్పుడు, జార్జ్ స్ట్రీట్ 14వ నంబరులో ఉన్న ‘ది డోమ్’కి మధ్యాహ్నం భోజనానికి వెళ్ళాం. ఈమధ్య మన హైదరాబాద్ నుంచి పిల్లల్ని చూడ్డానికి ఆ ఊరు వెళ్తున్న అమ్మానాన్నలు చాలామందే ఉన్నారు, వాళ్ళకి పనికొస్తుందని రాస్తున్నాను.

1996 నుంచి అది రెస్టారెంటు. కట్టింది మాత్రం కమర్షియల్ బ్యాంక్ ఆఫ్ స్కాట్లండ్ హెడ్డాఫీసు కోసం. ఆర్కిటెక్టు డేవిడ్ రిండ్, పూర్తయింది 1847లో. అంతకుముందు ఆ స్థలంలో వైద్యుల కాలేజీ వారి భవనం ఉండేది. దాన్ని కట్టిన జేమ్స్ క్రెయిగే, ఈ వీధి ఉన్న ‘న్యూ టౌన్’ అనే కొత్త పేట మొత్తానికి ప్లాన్ గీసినవాడు. ఊరికి ప్లాన్ ఇచ్చిన మనిషి సొంత భవనాన్నే పడగొట్టి బ్యాంకు లేపారన్నమాట. డబ్బున్నవాడి మాట ఎక్కడైనా చెల్లుతుంది.

రోడ్డు మీద నుంచి చూస్తే తలమీద ఆకులు చెక్కిన ఆరు కొరింథియన్ స్తంభాలు, వాటి మీద పెద్ద రాతి త్రికోణం, అందులో శిల్పాలు. మధ్యలో ఉన్నది స్కాట్లండ్‌కి ప్రతీక అయిన కలెడోనియా. అటూ ఇటూ వాణిజ్యం, వ్యవసాయం, చదువు, యంత్రవిద్య, వాటితోపాటు ముందుజాగ్రత్త కూడా మనిషి రూపంలో కొలువుదీరాయి. లోన్లు శాంక్షన్ చేసేవాళ్ళ నెత్తి మీద ముందుజాగ్రత్తని కూర్చోబెట్టిన బుర్ర ఎవరిదోగానీ, దండం పెట్టాలి.

‘ఇది మన కోఠి రెసిడెన్సీలా ఉందే’ అంది మా ఆవిడ. ఒకప్పటి బ్రిటిష్ రెసిడెంటు భవనమైన ఆ రెసిడెన్సీలో నడిచిన విమెన్స్ కాలేజీలోనే ఆవిడ చదివింది. పోలిక నిజమే. అక్కడా ఆరు కొరింథియన్ స్తంభాలే, రెండూ ఉత్తరముఖమే. రెసిడెన్సీ ఇంకా పాతది, 1803 ప్రాంతంలో మొదలుపెట్టారు. కానీ మన దాని నునుపంతా సున్నపు పూతది. దెబ్బతింటే తెలిసిన మేస్త్రీ మళ్ళీ సున్నం పూసి తీర్చిదిద్దగలడు. ఎడిన్‌బరాది ఇసుకరాయి. క్వారీ నుంచి తీసిన కొత్తలో లోపల తడి ఉంటుంది, చెక్కడానికి అనువుగా ఉంటుంది. ఆరేకొద్దీ గట్టిపడుతుంది. స్తంభం తలమీద ఆ ముళ్ళ ఆకుల మడతలన్నీ ఉలితో తీసినవే. ఒకటి విరిగితే పూతతో సరిపెట్టడం కుదరదు, అలాంటి రాయే వెతికి తెచ్చి మళ్ళీ చెక్కాలి.

ఆ రాయికి రెండు శత్రువులు. ఒకటి బొగ్గు పొగ. ఇళ్ళలో బొగ్గు కాల్చిన రోజుల్లో ఊరంతా నల్లబడింది, దగ్గర్లోని స్కాట్ మాన్యుమెంట్ ఇప్పటికీ మసి పట్టినట్టే ఉంటుంది. రెండోది మనిషి అతితెలివి. స్కాట్లండ్‌లో ఒకప్పుడు ఇసుక కొట్టి, యాసిడ్ పోసి పాత గోడల్ని తెల్లగా తోమారు. మసితోపాటు రాయి పైపొర కూడా పోయింది. రాళ్ళ మధ్య సున్నం తీసి సిమెంటు నింపినచోట నీరు బయటికి రాలేక రాయే పెళ్ళలు లేచింది. పాతబస్తీలో సున్నపు గోడలకి సిమెంటు కొట్టించేవాళ్ళు ఈ ముక్క వింటే బాగుణ్ణు.

ఒక బ్యాంకుకి ఇంత ఆర్భాటం ఎందుకని మా అబ్బాయి అడిగాడు. నా సబ్జెక్టులోకి వచ్చాడు కదా, వదల్లేదు. ఆ రోజుల్లో అక్కడ బ్యాంకులు ఎవరి నోట్లు వాళ్ళే అచ్చు వేసుకునేవి. స్కాట్లండ్‌లో మూడు బ్యాంకులు ఇప్పటికీ వేస్తున్నాయి. నోటంటే కాగితం మీద మాట. ఆ మాట నమ్మాలంటే జనానికి ఏదో ఒకటి కనబడాలి. బ్యాంక్ ఆఫ్ స్కాట్లండ్ 1695 నాటిది, రాయల్ బ్యాంక్ 1727 నాటిది. కమర్షియల్ బ్యాంక్ పుట్టింది 1810లో. వయసు తక్కువైనవాడు మీసం పెంచినట్టు వీళ్ళు స్తంభాలు పెంచారు. అంతకు ఓ తరం ముందు ఎడిన్‌బరా అంతా ఆకుల చెక్కడం లేని సాదా గ్రీకు ‘డోరిక్’ స్తంభాల మోజు. ఈ బ్యాంకు రోమన్ హంగులకి దిగింది. కొన్నేళ్ళలోనే పక్కనున్న సెయింట్ ఆండ్రూ స్క్వేర్‌లో బ్రిటిష్ లినెన్ బ్యాంకు కూడా ఆరు స్తంభాలు నిలబెట్టి, ఒక్కోదాని మీద ఒక్కో విగ్రహం పెట్టింది. ఆ స్తంభాలు విగ్రహాల్ని తప్ప దేన్నీ మోయవు. నా ఓటు రిండ్‌కే, ఆయన స్తంభాలు కనీసం కప్పు మోస్తున్నాయి. అలాగని స్తంభాలుంటే బ్యాంకు నిలబడుతుందనీ కాదు. 1878లో సిటీ ఆఫ్ గ్లాస్గో బ్యాంకు కూలినప్పుడు, నష్టానికి హద్దులేని బాధ్యత వాటాదార్ల మీద పడి వాళ్ళలో ఎక్కువమంది దివాలా తీశారు.

లోపలికి వెళ్తే అసలు సంగతి. గుమ్మటం మధ్యలో అద్దాలు, వాటి నుంచి పగటి వెలుగు నేరుగా హాల్లోకి దిగుతుంది. ఖాతాదార్లు తిరిగిన హాలు ఇప్పుడు ‘గ్రిల్ రూమ్’, గుమ్మటం సరిగ్గా కింద బార్. మా కోడలు మెనూ ఇస్తే నేను సర్వ్ చేసే అమ్మాయిని స్ట్రాంగ్ రూమ్ ఎక్కడుండేదని అడిగాను. నవ్వి, కనుక్కుని చెప్తానంది. ఇటీవల మా వైపు ఒక ఫంక్షన్ హాల్లో ఇంతెత్తు స్తంభాన్ని వేలితో కొడితే డబ్బాలా మోగింది, ఫైబరు. ఇక్కడ కొట్టి చూశాను. వేలు నొప్పెట్టింది.

భోజనం గురించి పెద్దగా చెప్పను. మా ఆవిడ శాకాహారి, బుక్ చేసేటప్పుడే చెప్పాం, ఇబ్బంది కాలేదు. కోడలికి చేప నచ్చింది. తొందరపెట్టకుండా కూర్చోనిచ్చారు, నాకు కావలసిందీ అదే. స్కోన్లు, కేకుల మధ్యాహ్నపు టీ కావాలంటే జార్జియన్ టీ రూమ్ వేరే ఉంది. భవనం కోసం వెళ్ళేవాళ్ళు మాత్రం గ్రిల్ రూమ్‌లోనే టేబుల్ అడగండి, అదీ పగటిపూట. క్రిస్మస్ రోజుల్లో ముందు స్తంభాలకి దీపాలూ దండలూ చుడతారు, జనం ఎగబడతారు. ఫొటోలకి బాగుంటుందిగానీ రాతిపని కనబడదు.

ముఖం ఉత్తరానికి కాబట్టి శిల్పాలు ఎక్కువసేపు నీడలోనే ఉంటాయి. జూన్‌లో వెళ్తే సాయంత్రం బాగా ఆలస్యంగా, పొద్దుగూకే ముందు ఇంకోసారి వెళ్ళండి. అప్పుడు ఎండ వాయవ్యం నుంచి ఏటవాలుగా పడుతుంది. ఇంకొంచెం ఓపికుంటే నడిచిపోయే దూరంలోనే రాయల్ బ్యాంక్ వారి డండాస్ హౌస్ ఉంది. దాని గుమ్మటంలో నక్షత్రాల ఆకారంలో కిటికీలు కోశారు. బ్యాంకు పనివేళలు చూసుకుని వెళ్ళండి, అక్కడ టీ ఇవ్వరు.