ట్యూన్ చేసిన సుప్రాకి ఆటోమేటికా, మాన్యువలా? రెండూ చాలాకాలం తోలాక నా రివ్యూ

ముందే చెప్పేస్తా. కారు స్టాక్‌గా (కంపెనీ ఇచ్చింది ఇచ్చినట్టే) ఉంచుకునేవాళ్లకి మాన్యువల్, ట్యూన్ చేసి (ఇంజిన్ కంప్యూటర్ సెట్టింగులు మార్చి పవర్ పెంచి) 500 హార్స్‌పవర్ దాటించేవాళ్లకి ఆటోమేటిక్. మామూలుగా జనం చెప్పేదానికి ఇది రివర్స్ అని తెలుసు, "రియల్ డ్రైవర్ అంటే మాన్యువలే బ్రో" బ్యాచ్ ఎలాగూ ఒప్పుకోరు, అయినా రాస్తున్నా.

నాది 2021 టయోటా జీఆర్ సుప్రా 3.0, ఆటోమేటిక్. అప్పటికి ఈ కారుకి మాన్యువల్ లేనే లేదు, 2023 మోడల్ నుంచి ఇచ్చారు, రాగానే మా బావమరిది అది తీసుకున్నాడు. ఇద్దరం టెక్సాస్‌లో డాలస్ పక్కన ఫ్రిస్కోలోనే ఉంటాం కాబట్టి కార్లు మార్చుకుని తోలుతుంటాం, ఎవరి కారు ఎవరింటి ముందు ఉందో మా ఇంట్లోవాళ్లకే తెలీదు. రెండిట్లోనూ ఇంజిన్ ఒకటే, బీఎండబ్ల్యూ వాళ్ల బీ58, 3 లీటర్ల స్ట్రెయిట్ సిక్స్, ఒకటే టర్బో, కంపెనీ నుంచి 382 హార్స్‌పవర్, 500 న్యూటన్ మీటర్ల టార్క్. రెండిటికీ డౌన్‌పైప్ (టర్బో నుంచి పొగ బయటికి పంపే పైపు) మార్చాం (పొగని శుభ్రం చేసే క్యాట్ ఉన్నదే, 2025 నుంచి టెక్సాస్‌లో సేఫ్టీ ఇన్‌స్పెక్షన్ తీసేసినా మా వైపు కౌంటీల్లో ఎమిషన్స్ టెస్ట్ మాత్రం ఉంది), ట్యూన్ వేయించాం, 93 ఆక్టేన్ పెట్రోల్‌లో కొంచెం ఈ85 (ఎక్కువ భాగం ఇథనాల్ ఉండే ఇంధనం) కలిపి పోస్తున్నాం.

స్టాక్‌గా ఉన్నప్పుడు మాన్యువల్ సుప్రా చాలా బాగుంటుంది, ఇందులో డౌట్ లేదు. టయోటా లెక్క ప్రకారం 0 నుంచి 60 మైళ్లకి ఆటోమేటిక్ 3.9 సెకన్లు, మాన్యువల్ 4.2, ఆ తేడా రోడ్డు మీద ఎవడికీ పట్టదు. మాన్యువల్‌కి ఫైనల్ డ్రైవ్ (గేర్‌బాక్స్ తర్వాత చక్రాల దగ్గర ఉండే చివరి గేర్ నిష్పత్తి) 3.15 నుంచి 3.46కి మార్చారు, దాంతో కారు చురుగ్గా కదులుతుంది. కిందికి గేర్ మార్చేటప్పుడు రెవ్స్ (ఇంజిన్ తిరిగే వేగం) అదే మ్యాచ్ చేస్తుంది, వద్దనుకుంటే ఆపేసుకోవచ్చు. హిల్ కంట్రీలో లీకీ దగ్గర ట్విస్టెడ్ సిస్టర్స్ అని 335, 336, 337 రోడ్లుంటాయి కదా, అక్కడ ఆ కారుతో సెకండ్, థర్డ్ మధ్య ఆడుకుంటుంటే దిగబుద్ధి కాదు.

ట్యూన్ పడ్డాకే అసలు కథ. పవర్ పెరిగేకొద్దీ గేర్ మార్చడంలో ఉన్న మజా తగ్గిపోతూ వస్తుంది, ఇది తోలితేగానీ అర్థం కాదు. ఫస్ట్‌లో ఫుల్ తొక్కలేం, వెనక టైర్లు 275 సైజు అయినా గిర్రున తిరుగుతాయి. సెకండ్‌లో బూస్ట్ (టర్బో ప్రెషర్) వచ్చిందనేలోపు రెడ్‌లైన్, అంటే రెవ్స్ హద్దు. గేర్ మార్చాలంటే కాలు ఎత్తాలి, ఎత్తితే థ్రాటిల్ మూసుకుంటుంది, బూస్ట్ పడిపోతుంది, థర్డ్ వేసి మళ్లీ తొక్కితే మొత్తం టార్క్ ఒక్కసారిగా వచ్చి పడుతుంది, చల్లటి రోడ్డయితే అక్కడ కూడా తోక ఊపుతుంది, అప్పటికే స్పీడు పోలీసోడు వదిలే స్పీడు కాదు. అంటే గట్టిగా తోలిన ఆ కొద్ది సెకన్లలో నేను చేసేది ఒకటో రెండో షిఫ్టులు, అవి కూడా ఒక చేత్తో స్టీరింగ్ గట్టిగా పట్టుకుని టెన్షన్‌గా. పైగా ఫోర్త్ అనుకుని పొరపాటున సెకండ్‌లో పడిందా, ఇంజిన్‌కి దండ వేసుకోవడమే. ఆటోమేటిక్‌లో ఆ భయం లేదు, రెవ్స్ దాటిపోయే గేర్ అడిగితే అది ఇవ్వదు.

ఆటోమేటిక్ ఏం చేస్తుందంటే, అది జెడ్‌ఎఫ్ 8 స్పీడ్, టార్క్ కన్వర్టర్ టైపు, చాలా బీఎండబ్ల్యూల్లో అదే కుటుంబం. షిఫ్ట్ అప్పుడు మన కాలు కింద అలాగే ఉంటుంది, కంప్యూటరే ఇంజిన్ టార్క్‌ని క్షణం తగ్గించి గేర్ మార్చి మళ్లీ ఇచ్చేస్తుంది, టర్బో స్పీడు పడిపోదు. రెండు చేతులూ స్టీరింగ్ మీదే. కారు అదుపు తప్పబోతుంటే సర్దుకోడానికి నాకు టైమ్ దొరికేది ఇందుకే. ఇంజిన్ ట్యూన్ ఒక్కటే చేసి వదిలేయకండి, గేర్‌బాక్స్ కంప్యూటర్‌కి కూడా విడిగా ఫ్లాష్ చేయించాలి (అంటే దాని సాఫ్ట్‌వేర్ మార్పించాలి), లేకపోతే దాని టార్క్ లిమిట్ దాటగానే అదే పవర్ కోసేస్తుంది. ఫ్లాష్ చేస్తే లిమిట్‌తో పాటు లోపలి క్లచ్‌ల మీద ఆయిల్ ప్రెషర్ కూడా పెంచుతారు.

మాన్యువల్‌లో అలా సాఫ్ట్‌వేర్‌తో అయ్యే పని కాదు. కంపెనీ క్లచ్ స్టాక్ టార్క్‌ని చూసుకుని పెట్టింది. మా బావమరిది కారు ట్యూన్ అయిన కొన్నాళ్లకే ఐదో గేర్‌లో తొక్కితే రెవ్స్ పైకి, స్పీడు అక్కడే, అంటే క్లచ్ స్లిప్ అవుతోంది. ట్యూనర్ కింది రెవ్స్‌లో టార్క్ తగ్గించి ఇచ్చాడు, మరి డబ్బులు పోసి పెంచిందెందుకు? చివరికి ట్విన్ డిస్క్ క్లచ్ వేయించాడు. స్లిప్ పోయింది, కానీ న్యూట్రల్‌లో గలగల సౌండు, పెడల్ బరువు, పట్టుకునే చోటు సన్నగా. సాయంత్రం 75 హైవే మీద ప్లేనో దగ్గర ట్రాఫిక్‌లో అది తోలి చూడండి, ఎడమ మోకాలు తిడుతుంది. వాడు ఇప్పుడు ఆఫీసుకి వాళ్లావిడ క్యామ్రీ వేసుకెళ్తున్నాడు, స్పోర్ట్స్ కారు ఉండి.

ఇప్పుడు "పాత సుప్రా మాన్యువల్ కాబట్టే లెజెండ్" అంటారు. నిజమే, కానీ 90ల్లో ఆ 2జేజెడ్ ఇంజిన్ కారుకి ఉన్న ఆటోమేటిక్ 4 స్పీడ్, టర్బో మోడల్‌కి మాన్యువల్ అయితే గెట్రాగ్ 6 స్పీడ్ వీ160, ఎవరైనా మాన్యువలే కొంటారు. అదే 2జేజెడ్‌తో ఇవాళ డ్రాగ్ రేసుల్లో వెయ్యి హార్స్‌పవర్ దాటిన బళ్లలో చాలావాటికి జీఎం వాళ్ల పాత టర్బో 400 లాంటి ఆటోమేటిక్‌లే ఉంటాయి, నిస్సాన్ ఆర్35 జీటీ‑ఆర్‌కి అయితే 2007 నుంచి చివరిదాకా మాన్యువల్ ఇవ్వనే లేదు.

ఆటోమేటిక్‌లో నాకు నచ్చనివి కూడా ఉన్నాయి. పార్కింగ్‌లో కదిలేటప్పుడు ఫ్లాష్ తర్వాత కొంచెం కుదుపు వచ్చింది. స్టీరింగ్ వెనక గేర్ మార్చే ప్యాడిల్స్ పట్టుకుంటే బొమ్మ కారులా అనిపిస్తాయి, ఈ రేటుకి అవి దారుణం. నిదానంగా తోలేటప్పుడు బోర్, ఇది ఒప్పుకోవాల్సిందే, మాన్యువల్ సుప్రా 40 మైళ్ల స్పీడులో కూడా సరదాగా ఉంటుంది, నాది ఉండదు. ఇంకోటి, లైఫ్‌టైమ్ ఆయిల్ అన్న మాట నమ్మొద్దు, గేర్‌బాక్స్ తయారుచేసిన జెడ్‌ఎఫ్ వాళ్లే 80 వేల నుంచి 1.2 లక్షల కిలోమీటర్ల మధ్య మార్చమంటారు, ట్యూన్ చేసి డాలస్ ఎండల్లో తోలేవాళ్లు ఇంకా ముందే మార్చుకోండి, ఫిల్టర్ ప్యాన్‌తో కలిపే వస్తుంది కాబట్టి మొత్తం మార్చాల్సిందే.

ఈ తరం సుప్రాకి అమెరికాలో 2026 మోడలే చివరిది కాబట్టి చాలామంది యూజ్డ్ చూస్తుంటారు. మాన్యువల్ అయితే టెస్ట్ డ్రైవ్‌లో ఖాళీ హైవే మీద పై గేర్‌లో 2,500 రెవ్స్ నుంచి ఫుల్ తొక్కి రెవ్స్ సూది, స్పీడు కలిసి పెరుగుతున్నాయో లేదో చూడండి. ఆటోమేటిక్ అయితే గేర్‌బాక్స్ ఆయిల్ మార్చిన బిల్లు అడగండి. రెండిట్లో ఏదైనా సరే, ఓనర్ "ట్యూన్ వేశాను, మళ్లీ స్టాక్‌కి తెచ్చాను" అంటే రేటు గట్టిగా బేరం ఆడండి.