హ్రాస్తోవ్లే, బేరమ్: బొమ్మల కంటే ముందు తాళం సంగతి

స్లోవేనియా ప్యాకేజీల్లో పోస్తోయ్నా గుహ, బ్లెడ్ సరస్సు తప్పకుండా ఉంటాయి. కోపర్ రేవుకు వెళ్లే దారికి దగ్గరలోనే ఉన్న హ్రాస్తోవ్లే ఊరు, గోడల నిండా పాత బొమ్మలున్న దాని చర్చి మాత్రం చాలావాటిలో ఉండవు. కాబట్టి సొంతంగా కారు తీసుకుని వెళ్లాలి. రాజధాని ల్యుబ్ల్యానా నుంచి గంట పైచిలుకు.

హైవే ఎక్కే ముందే ఈ-విన్యెట్ కొనాలి, అంటే నంబర్ ప్లేటు మీద నమోదయ్యే టోల్ పాస్. 2024లో కారుకు వారం ధర 16 యూరోలు. నంబర్ ప్లేటు టైపు చేసేటప్పుడు సున్నాకు బదులు 'ఓ' అక్షరం కొడితే కొన్నా కొననట్టే. జరిమానా 300 యూరోల నుంచి మొదలు.

బయట నుంచి హ్రాస్తోవ్లే చర్చి చర్చిలా ఉండదు, కోటలా ఉంటుంది. తుర్కుల దాడుల భయంతో 16వ శతాబ్దంలో చుట్టూ ఎత్తైన గోడ కట్టారు. తలుపు తాళం వేసి ఉంటే ఊళ్లో అడగాలి. ఆదరాబాదరాగా వచ్చి మూసిన తలుపు ఫొటో తీసుకుని పోయేవాళ్లే ఎక్కువ. ముందురోజే ఫోన్ చేయండి, భోజనవేళ తప్పించండి, చిల్లర యూరోలు ఉంచుకోండి.

లోపల చిన్న హాలు, అంగుళం ఖాళీ లేకుండా బొమ్మలు. కాస్తవ్ ఊరి చిత్రకారుడు యానెజ్ 1490లో ముగించిన పని ఇది. తర్వాత సున్నం పూతల కింద మరుగునపడి, 1949లో మళ్లీ బయటపడింది. అందరూ చూసేది దక్షిణ గోడ మీది మృత్యు నాట్యమే. సింహాసనం మీద కూర్చున్న మృత్యువు దగ్గరికి పోప్, రాజు, రాణి, ఊతకర్రల బిచ్చగాడు, చివరికి ఉయ్యాల్లోని పసివాడు కూడా వరుసగా వెళ్తుంటారు. ఒక్కొక్కరి చెయ్యి పట్టుకుని ఒక్కో అస్థిపంజరం నడిపిస్తుంది. డబ్బున్నాయన సంచి చూపించి బేరమాడబోతాడు, అస్థిపంజరానికి లెక్కే లేదు. అది చూసి తల దించేసి బయటికి రాకండి. పైకప్పు మీద సృష్టి కథ ఉంది, పక్క నడవల కప్పుల మీద పన్నెండు నెలల పనులున్నాయి. పిల్లలు విసుక్కుంటుంటే ఏ నెలలో ఏ పనో కనిపెట్టమనండి, కాసేపు ఊరుకుంటారు.

ఇదే నాట్యం క్రొయేషియాలోని బేరమ్‌లోనూ ఉంది. మేరీమాత చర్చిలో కాస్తవ్ ఊరివాడే అయిన విన్సెంత్ 1474లో వేశాడు. అక్కడ బొమ్మ తలుపు పైన ఉంటుంది, లోపలికెళ్లి వెనక్కి తిరగాలి. ఆ చర్చి ఊరికి కిలోమీటరు దూరం, తాళంచెవి మాత్రం ఊళ్లో ఉంటుంది. నేరుగా చర్చికి బండి తోలితే మళ్లీ వెనక్కి రావాల్సిందే.

2023 జనవరి 1 నుంచి క్రొయేషియా కూడా షెంగెన్‌లోనే (ఒకే వీసాతో తిరిగే యూరప్ దేశాల కూటమి) ఉంది కనుక ఒకే వీసా చాలు. 2023 అక్టోబరులో సరిహద్దులో తనిఖీలు మళ్లీ మొదలయ్యాయి కాబట్టి పాస్‌పోర్టు బ్యాగు అడుగున కుక్కకండి. ఒక్కటే చూసే వీలుంటే హ్రాస్తోవ్లేకే వెళ్లండి. అక్కడ నాట్యం ఎదురుగా ఉంటుంది, మెడ నొప్పి పుట్టదు.