కందలమలో మెట్ల మీది గుడ్లగూబ

శ్రీలంకలో దంబుల్లకు సమీపాన, కందలమ చెరువు ఒడ్డున ఉన్న హెరిటెన్స్ కందలమ హోటల్‌లో రెండు రాత్రులు గడిపాను. 1994లో ప్రారంభమైన ఈ కట్టడాన్ని వాస్తుశిల్పి జెఫ్రీ బావా కొండచరియకు ఆనించి, దాని వంపునే అనుసరిస్తూ పొడవుగా పరిచారు. స్తంభాలకు, పైకప్పులకు అల్లుకున్న తీగల వల్ల దూరం నుంచి చూసేవారికి గోడలు చెట్లలో కలిసిపోయినట్లు కనిపిస్తాయి.

లోపల నన్ను అన్నిటికన్నా ఎక్కువసేపు నిలిపినది, మెట్ల దారిపై రెక్కలు విప్పి వాలుతున్నట్లుండే పెద్ద గుడ్లగూబ. శ్రీలంక శిల్పి లకీ సేననాయకే లోహంతో మలచిన ఆ పక్షిని కింది నుంచి చూస్తే వేటకు దిగుతున్నట్లు భయం గొలిపింది. నాలుగు మెట్లు ఎక్కాక అదే పక్షి తోడుగా ఎగురుతున్నట్లు తోచింది. గుడ్లగూబను అపశకునంగా భావించే ఇళ్లలో పెరిగిన మనకు ఆ అందం మరింత కొత్తగా అనిపిస్తుంది.

ఆకులు అచ్చువేసిన కాగితాన్ని గోడకు అంటించి దానినే ప్రకృతి అలంకరణ అనుకునే హోటళ్లు ఎన్నో చూశాను. ఇక్కడ మాత్రం కొండరాయిని నడవల్లో యథాతథంగా వదిలి, గోడలను సాదాగా ఉంచి, బయటి అడవికి చెందిన ప్రాణినే లోపలి శిల్పంగా ఎంచుకున్నారు. అందుకే అది అతికించినట్లు లేదు.

నడవలు చాలా పొడవైనవి కనుక పెద్దవారితో వెళ్లేవారు ప్రవేశానికి దగ్గరగా ఉన్న గదిని ముందే అడగడం మంచిది. కోతులు వస్తాయి కనుక బాల్కనీ తలుపు మూసి ఉంచాలి.